విమానంలో ఒక్క సీటు

ఈమధ్య బ్రాంప్టన్ నుంచి, అప్పుడప్పుడు వాంకూవర్ నుంచి కూడా, ముక్కూ మొహం తెలియని పిల్లలు నాకు ఫోన్ చేస్తున్నారు. కాలేజీలో బయోమెడికల్ కోర్సు పూర్తయిందనీ, ఎక్స్‌రే మెషిన్లు బాగుచేసే ఉద్యోగంలో చేరవచ్చా అనీ అడుగుతున్నారు. జీతమెంత, కెనడాలో స్థిరపడేందుకు కావలసిన పీఆర్‌కి పాయింట్లు ఎన్ని అన్న లెక్కలు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే. పాతికేళ్ళకు పైగా ఈ పనే చేశాను. అందులో చాలా భాగం కెనడాకు ఉత్తరపు కొసన, చెట్టన్నది మొలవని చోట ఉన్న చిన్న ఊళ్ళ ఆరోగ్య కేంద్రాల చుట్టూ తిరిగాను. ప్రమోషన్ల గురించి రాయను. పెద్దగా వచ్చిందీ లేదు. మెషిన్ విప్పడం, బిగించడం కాలేజీలో నేర్పుతారు. దాని పక్కన నిలబడ్డ మనుషుల సంగతి ఎవరూ నేర్పరు. ముఖ్యంగా మనలోపల కూర్చుని ఉండే మనిషి సంగతి.

హెన్రిక్ వేళ్ళు

నా మొదటి బాస్ పేరు హెన్రిక్. టొరంటోలో మా వర్క్‌షాపు ఆయన చేతికింద ఉండేది. అప్పటికి నాకు కాకినాడలో చదివిన ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, హైదరాబాదులో ఉద్యోగం చేసిన అనుభవం ఉంది, చంకలో చంటిపిల్ల ఉంది. ఇక్కడ మూడిట్లో మొదటి రెండూ చెల్లవన్నారు. మళ్ళీ కాలేజీకి వెళ్ళి, పగలు ఒక దుకాణంలో పనిచేసి, చివరికి ఆయన దగ్గర చేరాను. అక్కడ నేనొక్కదాన్నే ఆడదాన్ని.

పాతకాలపు ఎక్స్‌రే మెషిన్లలో కెపాసిటర్లని ఉంటాయి. స్విచ్ ఆపినా, ప్లగ్ పీకేసినా కరెంటును కడుపులో దాచుకునే డబ్బాలవి. ఆ కరెంటు మెల్లగా దిగిపోవడానికి లోపల ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటే చెడిపోతే, కరెంటుందని చూపే దీపం ఆరిపోయి మెషిన్ చచ్చిన పాములా పడుకుని ఉంటుంది, చెయ్యి పెడితే కాటేస్తుంది. అందుకే మేము ముందు ఎర్తింగ్ రాడ్ వాడతాం. పొడుగాటి పిడికి చివర రాగి కొక్కెం, ఆ కొక్కెం నుంచి భూమికి కలిపే వైరు. దాంతో తాకి మిగిలిన కరెంటును దింపేశాకే చెయ్యి లోపల పెట్టాలి.

చేరిన కొత్తలో ఒకరోజు ప్లగ్ తీసే ఉంది కదా అని రాడ్ వాడకుండా మూత విప్పాను. హెన్రిక్ అరవలేదు. తన కుడిచెయ్యి నా ముందు పెట్టాడు. రెండు వేళ్ళు తెల్లగా, కొయ్యముక్కల్లా ఉన్నాయి.

"దీపం ఆరింది, చెయ్యి పెట్టాను. అంతే జరిగింది," అన్నాడు. "ఈరోజుకి ఇంటికి వెళ్ళు. రేపు రా."

కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ బస్సెక్కాను. ఆయన నాకు నేర్పినవన్నీ మర్చిపోయినా ఆ వేళ్ళు మర్చిపోలేదు. మంచి బాస్ అంటే నా లెక్కలో అంతే. తరువాత వచ్చిన బాసుల్లో కొందరు రోజూ మాట్లాడేవారు. ఒక్కమాటా గుర్తులేదు.

నాదనుకున్న ఎయిర్‌పోర్టు

ఉత్తరాదిన మెషిన్ బాగుచేయడానికి ఒక పూట పడితే, దాని దగ్గరికి చేరడానికి ఒక వారం పట్టవచ్చు. దక్షిణం నుంచి వచ్చే పెద్ద విమానం ఒకచోట దింపేస్తుంది. అక్కడి నుంచి చిన్న విమానాల్లో ఊళ్ళకు వెళ్ళాలి. ఆ దింపే చోటు పేరు రాయను. రేకుల గోడలకు నీలం రంగు వేసిన ఒకే ఒక హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, అద్దాల పెట్టెలో గడ్డి కూరిన తెల్ల ఎలుగుబంటి, సగం రోజులు పనిచేయని కాఫీ మెషిన్, ఒక కౌంటరు, దాని పక్కన సామాన్లు తూచే కాటా. బయట కంకర రన్‌వే. దాని అవతల మంచు, ఆకాశం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. జనం సూట్‌కేసులకు బదులు డైపర్ పెట్టెలు, గడ్డకట్టిన కోళ్ళు, మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ళ విడిభాగాలు మోసుకొస్తారు. తల్లులు పిల్లల్ని వీపున కోటు టోపీలోనే కూర్చోబెట్టుకుని తిరుగుతారు.

గాలి లేస్తే విమానం రాదు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అడిగితే కౌంటర్లో ఆవిడ కిటికీలోంచి బయటికి చూసి, "రేపేమో," అనేది. ఇరవై ఏళ్ళలో ఆవిడ నాతో అన్న మాటల్లో సగం అదే.

ఆ కుర్చీల్లో కూర్చుని పులిహోర తిన్నాను, కందిపొడి అన్నం తిన్నాను, మా అమ్మాయి పరీక్ష ఫలితాలు ఫోన్లో విన్నాను. అక్కడి మనుషులు ఏదో ఒకటి తినమని ఇచ్చేవారు. నేను మాంసం ముట్టను. చేతులు ఊపి వద్దనేదాన్ని. వాళ్ళు తలాడించి వెళ్ళిపోయేవారు. నన్ను "ఎక్స్‌రే లేడీ" అనేవారు. ఆ పేరు నాకు గర్వంగానే ఉండేది. అంత దూరం వచ్చిన తెలుగు మనిషిని నేనే, అంత దూరం వచ్చిన ఆడ ఇంజినీరునూ నేనే. ఆ ఎయిర్‌పోర్టు నాదని ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

శ్రావణి

నా సర్వీసు చివరి సంవత్సరాల్లో మన దేశం నుంచి స్టూడెంట్లు వెల్లువలా వచ్చారు. మా ఇల్లున్న రిచ్‌మండ్ హిల్ నుంచి ఆఫీసుకు వెళ్ళే బస్సులో నాకు ఒకప్పుడు తెలుగు వినిపిస్తే తల తిప్పి చూసేదాన్ని. ఆ రోజుల్లో అలా ప్రతిసారీ తిప్పితే మెడ పట్టేసేది. ఆ వెల్లువలోనే శ్రావణి మా కంపెనీకి వచ్చింది. జగిత్యాల దగ్గర ఊరు. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్లో ఇంకొంతమంది ఆడపిల్లలతో కలిసి ఉంటూ, వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతూ కోర్సు పూర్తి చేసింది. మా మేనేజర్ కెవిన్ ఆమెను నా చేతికి అప్పగించాడు.

మొదటిరోజే అందరి ముందూ, "ఆంటీ, ఈ బోర్డు విప్పాల్నా?" అంది.

"ఆఫీసులో ఆంటీ ఏమిటమ్మా? మేడం అను, లేకపోతే విజయ అని పిలు," అన్నాను.

"సారీ ఆంటీ."

పని తొందరగా పట్టుకునేది. అదే నాకు నచ్చలేదు. నేను మూడేళ్ళు దేబిరించి తెచ్చుకున్న ఉద్యోగం ఆమెకు కోర్సు అయిన నెలకే వచ్చింది. నా డిగ్రీని చెల్లదన్న దేశం ఆమె డిప్లొమాకు తలుపు తీసి పట్టుకుంది. కెవిన్ నాతో మాట్లాడేటప్పుడు గడియారం చూసేవాడు, ఆమెతో మాట్లాడేటప్పుడు కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఆమె కష్టాలు నాకు తెలియనివి కావు. వేర్‌హౌస్ నుంచి వచ్చి క్లాసులో నిద్రపోయిన సంగతి తనే చెప్పింది. అయినా కడుపు మండేది. మంటకు న్యాయం తెలియదు.

నాకు కోపం తెప్పించే అలవాటు ఒకటి ఆమెకు నిజంగానే ఉండేది. కొత్త మెషిన్ల మీద నేర్చుకున్న పిల్ల కాబట్టి దీపం ఆరిందా లేదా అని చూసి మూత విప్పేసేది. "రాడ్ ఏది?" అని నేను గద్దిస్తే, "అయ్యో, పెడ్తున్న ఆంటీ," అని నవ్వేది.

ఒక చలికాలం ఉత్తరాన ఒక ఊళ్ళో ఎక్స్‌రే మెషిన్ ఆగిపోయింది. ఆ ఊళ్ళో పిల్లలకు టీబీ పరీక్షలు జరుగుతున్నాయి. ఎక్స్‌రే లేకపోతే దగ్గుతున్న ప్రతి పిల్లనూ తల్లితో సహా విమానమెక్కించి దక్షిణానికి పంపాలి. ఇద్దరం బయల్దేరాం. పెద్ద విమానం మమ్మల్ని ఆ నీలం హాలు దగ్గర దింపింది. గాలి లేచింది. ముందుకు పోవలసిన విమానం రద్దయింది.

"రేపేమో," అంది కౌంటర్లో ఆవిడ.

నేను నా కుర్చీలో కూర్చుని స్వెట్టరు సర్దుకున్నాను. శ్రావణి కౌంటరు మీద మోచేతులు పెట్టి నిలబడింది. కాసేపటికి నవ్వులు వినిపించాయి. కౌంటర్లో ఆవిడ నవ్వుతోంది. ఆవిడకు ముందు పళ్ళ మధ్య సందుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఆంటీ, ఆమె పేరు మార్తా," అంటూ వచ్చింది శ్రావణి. "ముగ్గురు మనవళ్ళంట. చలికి చేతులకేసుకునే మిట్టెన్లు కుడ్తదంట. థాంక్స్‌ని వాళ్ళ భాషల ఏమంటరో నేర్పింది. కుయానామిక్."

"నాకు తెలుసు," అన్నాను. ఆ ఒక్క మాటే నాకూ తెలుసు.

మర్నాడూ గాలి తగ్గలేదు. మార్తా ఇంటి నుంచి గడ్డకట్టిన పచ్చి చేప తెచ్చి, అట్టముక్క మీద పెట్టి, వంకర కత్తితో పలచగా కోసి అందరికీ పంచింది. నా దగ్గరకు వచ్చేసరికి అలవాటుగా చేతులు ఊపాను. శ్రావణి ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. హాలంతా ఆమె మొహంకేసి చూస్తోంది.

"మంచిగుంది! ఆంటీ, మన కారప్పొడి ఉందా? జర చల్లుకుంటే మస్తుంటది."

నా కందిపొడి డబ్బా చేతులు మారింది. ఒక ముసలాయన పొడి అద్దుకుని తిని, దగ్గి, మళ్ళీ అద్దుకున్నాడు. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ. ఇరవై ఏళ్ళుగా ఆ పొడిని ఎవరికీ చూపించకుండా మూల కుర్చీలో కూర్చుని తిన్నాను. అది నా పొడి. మా రోట్లో దంచింది. పేరు మాత్రం శ్రావణికి. అందరూ "శ్రావ్, శ్రావ్" అని పిలుస్తున్నారు. నేను ఇంకా ఎక్స్‌రే లేడీనే.

తూకం

ఆ మరుసటి ఉదయం గాలి కాస్త తెరిపిచ్చింది. మేము వెళ్ళాల్సిన ఊరికి సరుకులు తీసుకెళ్ళే చిన్న విమానం ఒకటి బయల్దేరుతోందనీ, అందులో ఒక్క సీటు మాత్రమే ఉందనీ మార్తా చెప్పింది. పైలట్ లోపలికి వచ్చి మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"సరుకులతో ఇప్పటికే బరువుంది. ఎవరొస్తారో వాళ్ళు, టూల్‌బాక్స్ కలిపి కాటా ఎక్కండి," అన్నాడు.

"నేను సీనియర్‌ని, నేనే వెళ్ళాలి," అని ముందు నేనే ఎక్కాను. బూట్లు, కోటు, నేను, పక్కన టూల్‌బాక్స్. సామాన్లు తూచే కాటా మీద ఒక మనిషి నిలబడితే హాల్లో అందరి కళ్ళూ ముల్లు మీదే ఉంటాయి. పైలట్ చూసి తల అడ్డంగా ఊపాడు. శ్రావణి ఎక్కింది. ఆమెకు బరువేముంది, గాలికి ఎగిరే పిల్ల. అయినా కొంచెం ఎక్కువే వచ్చింది. టూల్‌బాక్స్ తెరిచి కొన్ని సామాన్లు తీసి గోడ పక్కన పెట్టింది. ముల్లు దిగింది.

నేను కెవిన్‌కు ఫోన్ చేశాను. ఇంకో రోజు ఆగితే ఇద్దరం వెళ్తామని, ఆమెకిది మొదటి ట్రిప్పని చెప్పాను.

"విజయా, అక్కడ పిల్లలు వెయిట్ చేస్తున్నారు. శ్రావణిని పంపించు. షి విల్ బి ఫైన్," అన్నాడు.

షి విల్ బి ఫైన్. నన్ను మొదటిసారి ఒంటరిగా పంపడానికి వాళ్ళకు ఆరేళ్ళు పట్టింది.

శ్రావణి కోటు జిప్పు లాక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఆంటీ, ఏమన్న చెప్పేదుందా?"

చెప్పడానికి బోలెడు ఉంది. "ఏముంది, అంతా నీకు వచ్చు కదా," అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఏమన్నయితే ఫోన్ చేస్త," అంది. విమానం తెల్లటి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. కిటికీ దగ్గర నిలబడి మార్తా చెయ్యూపింది. ఇన్నేళ్ళలో నా విమానానికి ఆవిడ చెయ్యూపిందా అని నేను ఆలోచించాను. లోపల కూర్చున్న నాకు ఎలా తెలుస్తుంది? అయినా ఊపి ఉండదని తేల్చుకున్నాను.

ప్లగ్ తీసినా ఆగని చప్పుడు

ఆమె వెళ్ళిన కాసేపటికి కౌంటర్ ఫోన్ మోగింది. ఆ ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు. ఇంజినీర్ కావాలంది. మార్తా రిసీవరు నాకిచ్చింది.

"ఒక చిన్న విషయం," అంది నర్సు. "మెషిన్ ప్లగ్ పొద్దున్నే తీసేశాం. దీపం కూడా ఆరిపోయింది. కానీ లోపల అప్పుడప్పుడు టక్, టక్‌మని చప్పుడొస్తోంది. అది మీకు పనికొస్తుందేమోనని..."

నేను నోరు తెరిచేలోగా లైన్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే మూగగా ఉంది. ఆ ఊళ్ళకు ఫోనూ ఇంటర్నెట్టూ అన్నీ శాటిలైట్ మీదుగానే. వాతావరణం బాగాలేనప్పుడు ఇలా పోవడం మామూలే.

ప్లగ్ తీసిన మెషిన్ చప్పుడు చేస్తోందంటే లోపల కరెంటు ఉన్నట్టే. దాన్ని దింపే ఏర్పాటు చెడిపోయినట్టే. దీపం మాత్రం ఆరి ఉంది.

నాకు అర్థమైంది. అర్థమై కూడా వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను, టీ కప్పు పట్టుకుని. చప్పుడు సంగతి నర్సే ఆమెకు చెబుతుంది అనుకున్నాను. అంతా వచ్చిన పిల్ల కదా, ఆమాత్రం తెలియదా అనుకున్నాను. లైన్ కలిశాక తనే ఫోన్ చేసి, "ఆంటీ, నాకు సమజైతలేదు," అంటుంది, అప్పుడు చెబుతాను అనుకున్నాను. ఆ గొంతు, ఆ మాట చెవుల్లో ఊహించుకుంటే హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందో దాచకుండా రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వచ్చే మీకు కూడా ఆ హాయి ఏదో ఒకరోజు ఎదురవుతుంది.

టీ తాగుతూ గోడకేసి చూశాను. శ్రావణి టూల్‌బాక్స్‌లోంచి తీసిపెట్టిన సామాన్లు అక్కడున్నాయి. ఒక డ్రిల్లు, రెండు పెద్ద పానాలు, వాటి వెనక గోడకు ఆనించి ఎర్తింగ్ రాడ్.

ఆమె చేతిలో రాడ్ లేదు. దీపం ఆరి ఉంటుంది. ఆమె దీపాన్ని నమ్మే పిల్ల.

నాకు హెన్రిక్ వేళ్ళు కళ్ళముందు ఆడాయి. ఆయన చూపించింది బతికిన చెయ్యి. అన్ని చేతులకూ ఆ అదృష్టం ఉండదు. కప్పు ఎక్కడ పెట్టానో తెలియదు, కౌంటర్ దగ్గరికి పరిగెత్తాను.

రేడియో

"మార్తా," అన్నాను. ఆ పేరుతో ఆవిడను పిలవడం అదే మొదటిసారి. "ఆ ఊరికి కబురు పంపాలి. ఇప్పుడే. మెషిన్లో కరెంటు ఉంది. ఆ అమ్మాయి చెయ్యి పెడితే చచ్చిపోతుంది."

ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. వెనకగదిలోకి నడిచింది, నేనూ వెంట వెళ్ళాను. విమానాల కోసం వాడే రేడియో ఉంది. మైకు అందుకుని ఆ ఊరి ఎయిర్‌పోర్టును పిలిచింది. బరబరా శబ్దం. మళ్ళీ పిలిచింది. చాలాసేపటికి ఒక మగగొంతు పలికింది.

విమానం దిగిపోయిందట. అమ్మాయిని ఆరోగ్య కేంద్రానికి ట్రక్కులో తీసుకెళ్ళారట.

"ఏం చెప్పాలో చెప్పు, చిన్న చిన్న ముక్కలుగా," అంది మార్తా.

"మెషిన్ ముట్టుకోవద్దు. దీపాన్ని నమ్మొద్దు." ఆవిడ తన భాషలో చెప్పింది. "పొడుగాటి ఎండు కర్ర ఏదైనా తీసుకోండి. దాని చివర లావుపాటి రాగి వైరు కట్టండి. వైరు రెండో కొసను ముందు ఎర్త్ బోల్టుకు బిగించండి. ముందు అది బిగించాలి, అది ముఖ్యం. తరువాతే కర్రతో దూరంగా నిలబడి కెపాసిటర్లను తాకండి. రెండుసార్లు తాకండి."

మార్తా చెబుతూ పోయింది. ఆ మాటల్లో నాకు తెలిసినవి "ఎక్స్‌రే", "శ్రావ్" అన్న రెండే. నా ఇరవై ఏళ్ళ విద్య ఆవిడ గొంతులోంచి నాకు తెలియని భాషలో వెళ్ళిపోతోంది. అవతలి మనిషి ఏదో అన్నాడు, రేడియో మూగబోయింది.

"ఫోన్లు లేవు కదా. స్నోమొబైల్ మీద తనే వెళ్తున్నాడు," అంది మార్తా.

ఎదురుచూశాం. ఆవిడ కుట్టుపని తీసింది కానీ సూది కదలలేదు. నేను మా ఇంటి దేవుళ్ళనందరినీ తలచుకున్నాను. శ్రావణి తల్లికి ఏమని ఫోన్ చేయాలా అని కూడా ఆలోచించాను. ఆ తల్లి ఒకసారి వీడియో కాల్లో, "అక్కా, పిల్ల జాగ్రత్త," అంది నాతో.

రేడియో బరబరమంది. మార్తా విన్నది, ఏదో అడిగింది, మళ్ళీ విన్నది. మైకు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"అమ్మాయి మూత తీసి, చేతికున్న వాచీ విప్పుతోందట. మావాడు తలుపులోంచే అరిచాడట. హాకీ కర్రకు వైరు కట్టి తాకారట. తుపాకీ పేలినంత చప్పుడైందట. ఎవరికీ ఏమీ కాలేదు."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మార్తా నా పక్కన కూర్చుంది.

"నువ్వు ఆ ఫోన్ రాగానే నాకు చెప్పలేదు," అంది మెల్లగా.

"అవును."

ఆవిడ లేచి నిలబడి అంది, "విజయా, కాఫీ మెషిన్ ఇవాళ పనిచేస్తోంది. తెమ్మంటావా?"

తలెత్తి చూశాను. "నా పేరు నీకెలా తెలుసు?"

"ఇరవై ఏళ్ళుగా నీ టికెట్ నా చేతిలోకే వస్తోంది. నీ పేరు నాకెప్పుడూ తెలుసు. నా పేరు నువ్వే అడగలేదు."

తరువాతి సంగతి

శ్రావణి ఆ మర్నాడు అదే విమానంలో తిరిగొచ్చింది. మెషిన్ బాగుచేసింది, చెడిన భాగాన్ని మార్చింది, సాయంత్రానికల్లా పిల్లల ఎక్స్‌రేలు మొదలయ్యాయి. హాల్లోకి అడుగుపెడుతూనే నన్ను వాటేసుకుంది.

"పటాకి పేలినట్టు పేలింది ఆంటీ! నా చెయ్యి అండ్లనే ఉండాల్సింది. మీరు చెప్పకపోతే నేను లేను."

నేను ఆమె వీపు నిమిరాను. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకు తెలిశాక ఆమెను చిన్నపిల్లలా దగ్గరకు తీసుకున్నాను. అది నిజం. ఆమె భుజం మీదుగా, ఊరివాళ్ళు బహుమతిగా ఇచ్చిన సీల్ అనే సముద్ర జంతువు తోలుతో కుట్టిన మిట్టెన్ల జత ఆమె సంచీలోంచి కనబడితే నా కళ్ళు అక్కడికి పోయాయి. అదీ నిజమే.

ఆఫీసుకు వెళ్ళేసరికి కెవిన్ అందరికీ మెయిల్ పెట్టాడు. మొదటి ట్రిప్పులోనే శ్రావణి ఎంత ధైర్యంగా పనిచేసిందో రాశాడు. రేడియో సంగతి ఒక ముక్క కూడా లేదు. శ్రావణి అతని గదిలోకి వెళ్ళి, తలుపు తీసి ఉండగానే, "ఆంటీ చెప్పకపోతే నేను చచ్చిపోతుంటి, అది కూడా రాయండి," అని ఇంగ్లీషులో గట్టిగా అడిగింది. అతను రెండో మెయిల్ పెట్టాడు. రెండో మెయిల్ ఎవరు చదువుతారు?

పిల్లలూ, మీకు ఈర్ష్య వస్తుంది. మీ తరువాత వచ్చినవాళ్ళకు మీకంటే తొందరగా అన్నీ దొరుకుతాయి, మీరు వేసిన దారి మీద వాళ్ళు పరిగెడతారు. అది తప్పని చెప్పే పెద్దలను నేను నమ్మను. నాకు ఇప్పటికీ ఉంది. నేను చెప్పేది ఒకటే. లోపల మండుతున్నా మీకు తెలిసిన ప్రమాదాన్ని మాత్రం నోట్లో పెట్టుకుని కూర్చోకండి. అడిగితే చెబుదామని చూడకండి. కరెంటు మీ అలక తీరేదాకా ఆగదు. ఇంకొకటి, ఏ ఊరికి వెళ్ళినా కౌంటర్లో ఉన్న మనిషి పేరు మొదటిరోజే అడగండి.

శ్రావణికి పీఆర్ వచ్చింది. నేను రిటైరైనప్పుడు ఉత్తరాది ఊళ్ళన్నీ ఆమెకిచ్చారు. వీడ్కోలు రోజున అందరూ కేక్ తింటుంటే నేను ఆమె చేతిలో ఉన్న కొత్త రూట్ మ్యాపునే చూస్తూ నిలబడ్డాను.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. వెనక గాలి హోరు.

"ఆంటీ, స్టక్ అయినం. విమానం రేపేమో అంటుంది మార్తా."

"ఎవరెవరు?"

"నేను, నా ట్రెయినీ. హర్లీన్ అని బ్రాంప్టన్ పిల్ల. ఆంటీ, నవ్వొద్దు. పొద్దున వచ్చినం, అప్పుడే మార్తా దానికి మిట్టెన్లు కుట్టుడు నేర్పిస్తుంది. నేను ఎన్నేండ్ల సంది అడుగుతున్న, నాకు నేర్పలే. అందరూ దాని చుట్టే ఉన్నరు. నాకు ఒళ్ళు మండుతుంది."

నవ్వొద్దన్నా నవ్వాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆమె కూడా నవ్వింది. వెనక మార్తా గొంతు ఏదో అంది. ఇంకో పిల్ల కిలకిలా నవ్వింది. ఎవరో కుర్చీ లాగిన చప్పుడు. "ఉంటా ఆంటీ, చేప కోస్తున్నరు," అని శ్రావణి ఫోన్ పెట్టేసింది.

మా ఇంట్లో వెచ్చగా ఉంది. కిటికీ బయట రిచ్‌మండ్ హిల్ రోడ్డు మీద బస్సులు వేళకు వచ్చి వేళకు పోతున్నాయి. శ్రావణికి ఒళ్ళు మండటానికి ఒక చోటుంది, ఎదురుగా మనుషులున్నారు. ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మంట మీద కూడా నా కన్ను పడింది.